ఆమెన్ చెప్పని కూతురు

ఆ ఇంట్లో తెల్లవారగానే ముందు పాట వినిపించేది, ఆ తర్వాతే కుళాయి చప్పుడు. ముందు గదిలో ఒక బల్ల, దాని చుట్టూ నాలుగు కుర్చీలు. తండ్రి, తల్లి, కూతురు, నానమ్మ. నానమ్మ కుర్చీలో మాత్రం మెత్తటి దిండు ఉండేది. పాట అయ్యాక వాక్యం చదవడం, ఆపైన తండ్రి ప్రార్థన, చివర అందరూ గట్టిగా ఆమెన్ అనడం. అదయ్యాకే ఎవరి పనికి వాళ్లు కదిలేవారు.

తండ్రి బడి బస్సు నడిపేవాడు. ఆ బస్సెక్కే పిల్లలు ఆయనకు కెప్టెన్ అని పేరు పెట్టారు. నెత్తిన టోపీ లేకపోయినా టోపీ ఉన్నవాడి నడకే ఆయనది. చేతి గడియారం తప్పు చూపించినా కెప్టెన్ బస్సు తప్పు చూపించదని ఆ వీధుల్లో చెప్పుకునేవారు. సంఘంలో ఆయన పెద్ద. ఏటా జరిగే కుటుంబ కూడికలో పిల్లల పెంపకం మీద మాట్లాడమని పాస్టరుగారు ఆయననే పిలిచేవారు. మొక్కై వంగనిది మానై వంగునా అని మొదలుపెట్టి, తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞతో ముగించేవాడు. మాట్లాడుతున్నంతసేపూ అందరి కళ్లూ ముందు వరసలో తలవంచుకుని కూర్చున్న ఆయన కూతురి మీదే ఉండేవి. "పిల్లంటే అలా ఉండాలి, గీసిన గీత దాటదు" అని తమ పిల్లల డొక్కలో పొడిచి మరీ చూపించేవారు తల్లులు.

చదువరులారా, అటువంటి ఇంట్లో లోపం ఏముందని అప్పట్లో ఎవరిని అడిగినా నవ్వి ఊరుకునేవారు. లోపం కనబడనిచోటే అది కుదురుగా కూర్చుంటుందని మనకు ఆలస్యంగా తెలుస్తుంది.

కొన్ని నెలల కిందట వాక్యం చదివే పని తండ్రి కూతురికి అప్పగించాడు. "పిల్లలకి అలవాటు కావాలి" అన్నాడు. తల్లి మురిసిపోయింది. నానమ్మ ఏదో అనబోయింది. "నీకెందుకమ్మా ఇవన్నీ, హాయిగా కూర్చో" అన్నాడు కొడుకు ఎంతో ప్రేమగా. ప్రతి ఆదివారం తల్లి ముందు మోకరించి దీవెన తీసుకునే కొడుకు ఆయన. ఆమె నోరు తెరిస్తే మాత్రం ఈ మాటే అనేవాడు. ముసలామె దిండు సర్దుకుని ఊరుకునేది.

కూతురు ఒక బేకరీలో పనిచేసేది. కేకుల మీద క్రీముతో పేర్లు రాయడం ఆమె పని. ఒకరోజు మధ్యాహ్నం బడిలో ఎవరో టీచరమ్మ పదవీ విరమణకు కేకు కావాలని కెప్టెనే స్వయంగా వచ్చాడు. బల్ల మీద రెండు పెట్టెలు మూత తీసి ఉన్నాయి. ఒకదాని మీద టీచరమ్మకు శుభాకాంక్షలు, రెండోదాని మీద తొండమెత్తిన నీలం ఏనుగు. కెప్టెన్ రెండింటివైపూ చూసి, ఏనుగు కేకు పెట్టె మూసి చేతిలోకి తీసుకున్నాడు.

"నాన్నా, అది ఎవరో బాబు పుట్టినరోజుది. ఏనుగు కనబడలేదా?"

"ఆటపట్టిద్దామని తీశానులే" అని ఆయన నవ్వాడు.

ఆయన ఆటపట్టించే మనిషి కాడు. కూతురు సరైన పెట్టె పట్టుకుని బస్సు దాకా వచ్చింది. తండ్రి తలుపు పిడి కోసం రేకు మీద చేత్తో తడుముతూ వెళ్లడం చూసింది. పక్క అద్దం బీటలు వారి ఉంది. బంపరు మీద కొత్త గీరు.

"నాన్నా, మీకు కళ్లు కనబడటం లేదా?"

ఆయన బస్సెక్కి సీట్లో కూర్చున్నాడు. తర్వాత స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చెప్పాడు.

"పక్కలు బాగానే కనిపిస్తాయి. నడిమధ్యనే పొగ పట్టినట్టుంది. అదే పోతుంది."

"డాక్టరుకి చూపించారా?"

"చూపిస్తే దానికో పేరు పెడతాడు. పేరు పెట్టాక అది జబ్బవుతుంది. నువ్వు ఈ మాట మీ అమ్మకీ చెప్పొద్దు, ఎవరికీ చెప్పొద్దు. ఇది నాన్న మాట."

నాన్న మాట. ఆ ఇంట్లో దాని తర్వాత ఇంకో మాట ఉండేది కాదు. కూతురు తల ఊపింది.

ఆ రోజు నుంచి ఆమె మనసు చిక్కుపడ్డ దారపు ఉండ అయిపోయింది. ఒక కొస పట్టుకుని లాగితే ఇంకోచోట ముడి పడేది. చెబితే తండ్రి మాట మీరినట్టు. చెప్పకపోతే? ఆ బస్సులో ఎక్కేది కన్నవాళ్లు ముద్దుపెట్టి పంపిన పిల్లలు. తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆమె మిషను దగ్గర కూర్చుని కూతురు మెల్లగా అడిగింది.

"అమ్మా, నాన్న చెప్పింది తప్పనిపిస్తే ఏం చెయ్యాలి?"

తల్లి మిషను ఆపలేదు. "మీ నాన్న ఎప్పుడన్నా తప్పు చెప్పారా? నీకు అలా అనిపించిందంటే తప్పు అనిపించడంలో ఉంది. లేచి ఆ బొత్తాలు అందుకో."

కూతురు బొత్తాలు అందించింది.

ఆదివారాల్లో ఆమె సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేది. ఆ వారం పాఠం, చెప్పాలా, తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞే. ఆ తరగతిలో ఒక పాప ఉండేది. నోరు మూతపడదని అందరూ వసపిట్ట అని పిలిచేవారు. అది చెయ్యెత్తింది.

"అక్కా, ఎవరైనా ఫోన్ చేస్తే ఇంట్లో లేనని చెప్పమంటారు మా నాన్న. ఆయన పక్కనే కూర్చుని కాళ్లు ఊపుతుంటారు. నేను లేరని చెబితే మంచి పిల్లనా, అబద్ధాలకోరునా?"

తరగతంతా గొల్లుమంది. కూతురికి నవ్వు రాలేదు. పాఠం పుస్తకంలో వెతికింది, మొహం తుడుచుకుంది, చివరికి "వచ్చే వారం చెబుతా" అంది. వసపిట్ట వదల్లేదు. "మీకూ తెలీదా అక్కా?" అంది జాలిగా. ఆ తరగతిలో సగంమంది కెప్టెన్ బస్సులో వెళ్లేవాళ్లే. వసపిట్ట కూడా.

ఆలోచించి ఆలోచించి కూతురు ఒక దారి కనిపెట్టింది. పొద్దున్నే తాను కూడా బస్సులో ముందు సీట్లో కూర్చుంటుంది. బేకరీ తెరిచేలోగా బడి ట్రిప్పు అయిపోతుంది. తండ్రి మాటా నిలుస్తుంది, పిల్లలూ క్షేమంగా ఉంటారు. తండ్రి కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఆయన కళ్లలో తడి కూడా మెరిసింది.

అలా మొదలైంది. "నాన్నా, ఎర్ర లైటు... ఇప్పుడు వెళ్లండి... సైకిలు, సైకిలు... ఎదురుగా ఆగిన లారీ." పిల్లలకు వినబడకుండా పెదవుల చాటున చెప్పేది. వెనక కూర్చున్న ఆయాకు తండ్రీకూతుళ్లు ముచ్చట్లాడుకుంటున్నట్టే కనిపించేది. "తండ్రంటే ఎంత ప్రేమో, పనికి పోయే ముందు కూడా తోడు వెళుతోంది" అని సంఘంలో మళ్లీ పొగడ్తలు. తాను చేసేది సేవా, మోసమా? ఆమెకే అర్థం కాలేదు. సాయంత్రం ట్రిప్పులో ఆమె ఉండేది కాదు. ఆ వేళకు బేకరీలో ఆమె రాసే అక్షరాలు వంకర్లు పోయేవి. "ఏమైందమ్మా నీ చేతికి?" అని యజమాని అడిగితే, "నిద్ర చాలలేదండీ" అనేది. అబద్ధం చెప్పని పిల్ల అబద్ధాలు కూడబెట్టడం మొదలుపెట్టింది.

ఒకనాటి పొద్దున సన్నటి జల్లు పడుతోంది. బస్సు ఒక మలుపు తిరిగి తర్వాతి స్టాపుకు దగ్గరవుతోంది. వెనక కిటికీ సీటు కోసం ఇద్దరు కుర్రాళ్లు జుట్టు జుట్టు పట్టుకున్నారు. కూతురు ఒక్కసారి తల వెనక్కి తిప్పి "ఏయ్, ఆగండి" అంది. మళ్లీ ముందుకు తిరిగేసరికి అద్దం నిండా పసుపుపచ్చ వానకోటు.

"నాన్నా!"

ఆ కేక మనిషి కేకలా లేదు. బస్సు విదిలించి కొట్టినట్టు ఆగింది. పిల్లలు సీట్ల మీద నుంచి ముందుకు పడ్డారు. కూతురు కిందికి దూకింది. బంపరుకు జానెడు దూరంలో వసపిట్ట నిలబడి ఉంది. దాని చేతిలోంచి జారి బస్సు కిందికి దొర్లిన సంచి చక్రం కింద అప్పడంలా నలిగిపోయింది. పాప ఏడవలేదు. తల పైకెత్తి డ్రైవరు సీటువైపు చూసింది.

"కెప్టెన్ అంకుల్, నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను కదా. మీరు నావైపే చూస్తున్నారు కదా!"

"వాన కదమ్మా" అన్నాడు కెప్టెన్. ఆ గొంతు ఆయనది కాదు.

ఎవరికీ ఏమీ తెలియలేదు. రోడ్డు మీద పరిగెత్తినందుకు పాపనే అందరూ మందలించారు. సమయానికి బ్రేకు వేశాడని కెప్టెన్‌ను మెచ్చుకున్నారు. సాయంత్రానికి ఆ మెచ్చుకోలు ఆయన కంటే ముందే ఇంటికి చేరింది.

దీపాల వేళ ప్రార్థనకు నలుగురూ కూర్చున్నారు. తండ్రి కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ రోజు ఆ పసిబిడ్డను కాపాడావు. నా చేతులకు చురుకునిచ్చావు, నా చూపును నిలిపావు, నీకు స్తోత్రం" అన్నాడు. తల్లి ఆమెన్ అంది. నానమ్మ ఆమెన్ అంది.

మూడో ఆమెన్ రాలేదు.

తండ్రి కళ్లు తెరిచాడు. "అమ్మాయ్, ఆమెన్ చెప్పలేదు నువ్వు."

కూతురు రెండు చేతులూ ఒళ్లో బిగించి పెట్టుకుంది. "చెప్పలేను నాన్నా."

"అదేం మాటే?" తల్లి బెదిరిపోయింది. "దేవుడి కృపకి ఆమెన్ చెప్పకపోవడమేంటి? ఒంట్లో బాగాలేదా?"

"ఆమెన్ చెప్పు" అన్నాడు తండ్రి. "తండ్రి మాటంటే లెక్కలేకుండా పోయిందా?"

"లెక్క ఉంది కాబట్టే ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నాను నాన్నా." ఆమె తలెత్తింది. "చెప్పొద్దన్నారు, చెప్పలేదు. మీ పక్కన కూర్చుని మీ కళ్లయ్యాను. మనుషుల దగ్గర దాచాను. ఇప్పుడు ఆమెన్ అంటే దేవుడి దగ్గర కూడా దాచినట్టవుతుంది. నా వల్ల కాదు. ఆ పాపని మీరు చూడలేదు. నేను చూశాను, అదీ ఆఖరి క్షణంలో. నా తల ఇంకొంచెంసేపు వెనక్కే తిరిగి ఉంటే ఈపాటికి ఎవరి ఇంట్లో ఏం జరుగుతుండేదో?"

"చూడలేదా?" తల్లి ఒకసారి భర్తవైపు, ఒకసారి కూతురివైపు చూసింది. "ఎదురుగా ఉన్న పిల్లని చూడకపోవడమేంటి?"

"నాన్నకి కనబడటం లేదమ్మా. చాలా నెలలైంది."

తండ్రి లేచి నిలబడ్డాడు. ఆయన మొహం కందగడ్డలా అయింది. "మాట ఇచ్చి తప్పావు. నా ఇంట్లో, నా బల్ల దగ్గర..."

"ఒరేయ్" అంది నానమ్మ.

ఆ పిలుపు ఆ గదిలో ఎన్నాళ్లకో వినిపించింది. తండ్రి అలవాటు కొద్దీ, "నీకెందుకమ్మా ఇవన్నీ..." అన్నాడు.

"ఇలా వచ్చి నా ఎదురుగా కూర్చో."

ఆయన కూర్చున్నాడు.

"నా మొహంలోకి చూడు. ఎలా ఉన్నాన్రా?"

"ఎలా ఉంటావు, ఎప్పట్లాగే నవ్వుతూ ఉన్నావు."

నానమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది. చెంప తడిసి ఉంది. గడ్డం దాకా తడిసి ఉంది. ఆయన వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"బస్సు తాళం ఇటివ్వు" అంది.

"అమ్మా, ఇది నీకు తెలిసే విషయం కాదు."

"ఏ విషయం తెలుసు నాకు? తెలియనిస్తేగా? కుర్చీలో దిండు వేశావు, చల్లగా ఉండు. ఆదివారం ఆదివారం కాళ్ల దగ్గర మోకరిస్తావు, అదీ మంచిదే. కానీ నా మాట ఒక్కటైనా విన్నావట్రా? నువ్వు ఆ పిల్లకి చెప్పే ఆజ్ఞ నీకు పనిచెయ్యదా? నీకూ ఓ తల్లి ఉందిగా, ఇంకా బతికే ఉందిగా! ఇవాళ తల్లిగా చెబుతున్నాను. తాళం ఇవ్వు."

ఆయన జేబులోంచి తాళం తీశాడు, గుప్పిట మాత్రం విప్పలేదు. చివరికి ఆయన చిన్నపిల్లాడిలా అడిగాడు. "స్టీరింగు తీసేసుకుంటే నేనెవర్నమ్మా ఇక?"

"నా కొడుకువి. ఆ ఉద్యోగం ముందు నుంచీ ఉంది, దానికి రిటైర్మెంటు లేదు."

తాళం బల్ల మీదికి వచ్చింది.

మర్నాడు ఆయన తానే బడికి వెళ్లి ప్రిన్సిపాలుకు ఉన్నదంతా చెప్పాడు. తన కూతుర్ని తానే కట్టడి చేశానని కూడా చెప్పాడు. ఇంతటితో అంతా సర్దుకుందని రాయడం తేలికే. కానీ అలా జరగలేదు. పిల్లల తల్లిదండ్రులు ఇంటి మీదికి వచ్చారు. "మా బిడ్డల ప్రాణాలతో ఆడుకున్నావు" అన్నారు. వాళ్లు అన్నదాంట్లో తప్పేముంది? ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. "తెలిసీ పక్కన కూర్చుందట" అని కూతుర్నీ అన్నారు. వసపిట్ట తల్లి మాత్రం గుమ్మంలో నిలబడి ఏదో అనబోయి, అనలేక, కొంగుతో నోరు మూసుకుని వెళ్లిపోయింది.

సంఘ పెద్దగా తప్పుకుంటానని ఆయన అంటే పాస్టరుగారు వద్దనలేదు. సంఘంలో సగంమంది కూతురు మంచిపని చేసిందన్నారు. సగంమంది తండ్రి పరువు బజారుకీడ్చిందన్నారు. అదివరకు ఆమెను చూపించి పిల్లల డొక్కలో పొడిచిన తల్లులకు ఇప్పుడు ఆమెను ఏమని చూపించాలో తెలియలేదు. ఆమెకూ తెలియలేదు. ముందే చెప్పకపోవడం తప్పా, చివరికి చెప్పడం తప్పా? పాత కూతురు ఒకతె, కొత్త కూతురు ఒకతె లోపల కూర్చుని ఒకరినొకరు తప్పు పట్టుకుంటున్నట్టుండేది. తండ్రి ఆమెతో మాట్లాడటం మానేశాడు. అన్నం తినేవాడు, ప్రార్థన చేసేవాడు, భార్య కుట్టిన బట్టలు చేత్తో తడిమి మడత పెట్టేవాడు. కూతుర్ని మాత్రం మునుపటిలా తల్లీ అని పిలవలేదు.

కళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లింది మాత్రం ఆమే. డాక్టరు చాలాసేపు పరీక్షించాడు. పోయిన చూపు తిరిగి రాదని, ఇంజెక్షన్లతో ఉన్నది నిలబెట్టవచ్చని చెప్పాడు. "కాస్త ముందు తీసుకొచ్చుంటే ఇంకా మిగిలేది" అన్నాడు మామూలుగా. కూతురు గోడవైపు తిరిగింది. ఆ కాస్త ముందు ఎన్నాళ్ల ముందో ఆమెకు తెలుసు.

బయటికి వచ్చాక రోడ్డు దాటాలి. తండ్రి కాలిబాట అంచున ఆగిపోయాడు. కొంచెంసేపు బండ్ల చప్పుడు విన్నాడు. తర్వాత చెయ్యి పక్కకు చాపాడు. కూతురు పట్టుకుంది.

"మొదటి రోజే నా మాట కాదనాల్సింది నువ్వు" అన్నాడు, ఎటో చూస్తూ.

"కాదంటే కొట్టేవారు."

ఆయన ఆలోచించాడు. "కొట్టేవాణ్ణే" అన్నాడు నిజాయితీగా.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆమె ఏడ్చేసింది.

"మరి నేనేం చెయ్యాల్సింది నాన్నా?"

"తెలీదు తల్లీ. నీకు ఆ దారి లేకుండా చేసింది నేను. ముందు రోడ్డు దాటించు."

ఆ ఏడు కుటుంబ కూడికకు పాస్టరుగారు మళ్లీ ఆయననే పిలిచారు. కొందరు గొణిగారు. "తప్పు తెలుసుకున్న మనిషి చెబితే వినకూడదా?" అన్నారు పాస్టరుగారు, అంతకుమించి వాదించలేదు. తల్లీ భార్యా వెనక వరసలో కూర్చున్నారు. కూతురు తండ్రిని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకువచ్చి పక్కకు తప్పుకుంది. ఆయనకు ఎదుటి మొహాలు కనిపించవు. ఎవరు తలాడిస్తున్నారో, ఎవరు మొహం తిప్పుకున్నారో తెలియకుండా మాట్లాడటం ఆయనకు అదే మొదలు. చెయ్యి చాపి, తడిమి, మైకు పట్టుకున్నాడు. ఎవరో దగ్గారు.

"ఎన్నో ఏళ్లుగా ఇక్కడే నిలబడి పిల్లలకి చెప్పాను, మీ పెద్దల మాట వినండని" అన్నాడు చివరికి. "ఇప్పుడూ అదే చెబుతాను. ఆజ్ఞ మారలేదు, మారదు. కానీ పిల్లల విధేయత ప్రభువునందు ఉండాలని, అంటే దేవుడికి సమ్మతమైనంత వరకేనని, బైబిల్లో చదివినప్పుడల్లా ప్రభువు అన్నచోట నన్ను నేను పెట్టుకున్నాను. నా కూతురు నాకు భయపడింది. ఆ భయాన్నే నేను గౌరవమనుకున్నాను. మా అమ్మకి దిండు వేశాను. అదే సన్మానం అనుకున్నాను. ఆ సాయంత్రం నా బిడ్డ ఆమెన్ చెప్పకపోవడమే నాకు జరిగిన పెద్ద సన్మానమని అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ కొన్ని రోజులు అర్థం కాదు. కోపమొస్తుంది. మళ్లీ అర్థమవుతుంది."

ఆయన పిల్లలూ పెద్దలూ కూర్చున్నారనుకున్న దిక్కుకు తిరిగాడు.

"పిల్లల్లారా, తల్లిదండ్రుల మాట వినండి, అది మీ ధర్మం. తల్లిదండ్రుల్లారా, మీ బిడ్డ దేవుడి ముందు తలెత్తుకుని పాటించగలిగిన మాటే చెప్పండి, అది మన ధర్మం."